గెలాక్సీల మ్యాపులో గీతలన్నీ మన దిక్కే చూపెడుతున్నాయి, ఎందుకు?

పానగల్_సారు

నల్గొండ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మొన్న తొమ్మిదో తరగతికి డిజిటల్ బోర్డు మీద టెలిస్కోపుతో ఆకాశాన్ని సర్వే చేసే స్లోన్ సర్వే వాళ్ల గెలాక్సీల మ్యాపు వేసి చూపించాను. మీలో చాలామంది చూసే ఉంటారు. ఎదురెదురుగా రెండు విసనకర్రల ఆకారం, నడి బిందువులో మనం, ఒక్కో చుక్క ఒక్కో గెలాక్సీ. చుక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉండవు. తీగలుగా, గోడలుగా అల్లుకుని ఉంటాయి, మధ్యమధ్య పెద్ద పెద్ద ఖాళీలు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు.

వెనక వరుసలో ఒకమ్మాయి లేచి, "సార్, నడిమిట్ల మనమున్నం. గా పొడుగు గీతలన్నీ మన దిక్కే చూపెడుతున్నయ్. అంటే లోకానికి నడుమ మనమేనా?" అన్నది. ఇంకొకడు, "రెండు విసనకర్రల మధ్య జాగాలో ఏమీ లేదా సార్?" అన్నాడు. అంచుల్లో చుక్కలు ఎందుకు పలచబడ్డాయని మూడో ప్రశ్న. బెల్లు కొట్టేశారు.

కేంద్రం అనేది లేదని నాకూ తెలుసు. కానీ ఆ గీతల సంగతి పద్నాలుగేళ్ల పిల్లకు నమ్మకం కుదిరేలా ఎలా చెప్పాలి? తెలుగులో వెతికితే 'విశ్వ రహస్యం బట్టబయలు' అని భయపెట్టే సంగీతం పెట్టిన వీడియోలే వస్తున్నాయి. చుక్కను అక్కడే ఎందుకు పెట్టారో ఒక్కరూ చెప్పరు. ఇక్కడ తెలిసినవాళ్లుంటే చెప్పండి.

బత్తాయితోట

అన్నీ నల్గొండ దిక్కే చూపెడుతున్నయంటే సంతోషమే సారూ. కృష్ణా నీళ్లు కూడా ఇటే చూస్తే ఇంకా సంతోషం.

పాలమూరు_ఫిజిక్స్

ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి సార్, అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ గీతలను ఖగోళ శాస్త్రవేత్తలు 'దేవుడి వేళ్లు' అంటారు. పేరు గొప్పగా ఉంది కానీ అవి ఆకాశంలో లేవు, కొలతలో పుట్టాయి.

మ్యాపులో ఒక చుక్క పెట్టాలంటే మూడు అంకెలు కావాలి. రెండు దిక్కు చెప్పేవి. అవి ఫొటోలోంచే చాలా కచ్చితంగా వస్తాయి. మూడోది దూరం, తిరకాసంతా అక్కడే. గెలాక్సీ నుంచి వచ్చిన వెలుతురును వర్ణపటంగా విడగొట్టి, అందులో హైడ్రోజన్, కాల్షియం లాంటి మూలకాల గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూస్తారు. హైడ్రోజన్ ఆల్ఫా గీత ల్యాబులో 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అదే గీత 722 దగ్గర కనపడితే రెడ్‌షిఫ్ట్ 0.1 అన్నమాట. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి రెడ్‌షిఫ్ట్ ఎంత ఎక్కువైతే దూరం అంత ఎక్కువ. ఆ లెక్కతో చుక్క పెట్టేస్తారు.

కానీ గెలాక్సీకి సొంత పరుగు కూడా ఉంటుంది కదా. వందల గెలాక్సీలున్న గుంపులో, లోపలి గురుత్వాకర్షణకు ఒక్కోటి సెకనుకు 1,000 కిలోమీటర్ల దాకా వేగంతో అటూ ఇటూ తిరుగుతుంటుంది. అవతలికి పరుగెత్తేది మ్యాపులో ఉన్నచోటు కన్నా వెనక్కి పడుతుంది. ఇటు వస్తున్నది ముందుకు పడుతుంది. విశ్వం ఎంత వేగంగా సాగుతోందో చెప్పే హబుల్ స్థిరాంకం 70 అనుకుని లెక్కేస్తే, సెకనుకు 1,000 కిలోమీటర్ల తేడా మ్యాపు మీద సుమారు 4.7 కోట్ల కాంతి సంవత్సరాల తేడా అవుతుంది. గుంపు అసలు వెడల్పు చూస్తే కోటి కాంతి సంవత్సరాలు అటూ ఇటూ. అడ్డం కొలత సరిగ్గానే ఉంటుంది, మన చూపు వెంట ఉన్న కొలత మాత్రమే సాగుతుంది. అందుకే వేళ్లన్నీ చూసేవాడి వైపే తిరిగి ఉంటాయి. ఎక్కడో దూరంగా ఉన్న సరస్వతి సూపర్‌క్లస్టర్‌లో (గెలాక్సీ గుంపులన్నీ కలిసిన పెద్ద గుంపు) ఎవరైనా కూర్చుని ఇదే పద్ధతిలో మ్యాపు గీస్తే, వాళ్లకు గీతలన్నీ వాళ్ల దిక్కే కనపడతాయి.

ఎడమకాల్వ_రిటైర్డ్

ఇరిగేషన్‌లో సర్వే పని చేసి రిటైరైనవాణ్ని. ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు బిడ్డా. వేగం కొలిచి, దూరం అనే కాలమ్‌లో రాస్తున్నారన్నమాట. మా రోజుల్లో ఎవడన్నా ఇట్లా రాసుకొస్తే ఫీల్డ్ బుక్కు వాపసు ఇచ్చి మళ్లీ సైటుకు తోలేవాళ్లం. దీన్ని మ్యాపు అని ఎట్లా అంటున్నారు?

పాలమూరు_ఫిజిక్స్

కోపమెందుకు తాతా, న్యాయమైన ప్రశ్నే. మూడు సంగతులు.

దగ్గరి గెలాక్సీలకు, అసలు వెలుగు ఎంతో తెలుసుకోగలిగిన సెఫీడ్ నక్షత్రాలతో, సూపర్‌నోవాలతో (పేలే నక్షత్రాలు) రెడ్‌షిఫ్ట్ అవసరం లేకుండానే దూరం కడతారు. వేగానికీ దూరానికీ ఉన్న సంబంధాన్ని సరిచూసేది వాటితోనే. ఇక దూరం పెరిగేకొద్దీ ఆ సొంత పరుగు వల్ల వచ్చే తేడా చిన్నదైపోతుంది. సరస్వతి సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ 4.7 కోట్ల తేడా అంటే నూటికి ఒకటి చిల్లర.

మూడోదే నాకు బాగా నచ్చేది. ఆ తేడాను పారేయరు, వాడుకుంటారు. గుంపు లోపల వేళ్లు సాగితే, ఇంకా పెద్ద కొలతలో దీనికి తిరగబడి జరుగుతుంది. చుట్టుపక్కల గెలాక్సీలు ఒక గోడలోకి మెల్లగా పడుతుంటాయి కాబట్టి ఆ గోడ మ్యాపులో ఉన్నదానికన్నా నొక్కుకుపోయి కనపడుతుంది. నిక్ కైజర్ 1987లో దీనికి లెక్క కట్టాడు. ఎంత నొక్కుకుపోయిందో చూస్తే అక్కడ గురుత్వాకర్షణ ఎంత బలంగా లాగుతోందో తెలుస్తుంది.

ఎడమకాల్వ_రిటైర్డ్

అంటే తప్పును కూడా బిల్లులో చూపిస్తున్నారు. మా కాంట్రాక్టర్లు విన్నారంటే వదలరు.

నల్లమల_దుర్భిణి

సార్ గారి అమ్మాయికి చెప్పడానికి ఒక గెలాక్సీ ఉంది, ఎం86.

నా దగ్గర ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే అమ్రాబాద్ వైపు మా మేనమామ చెలకలో పెట్టి కన్యా రాశి గుంపు చూస్తాను. ఎం84, ఎం86 రెండూ ఒకే చూపులో పక్కపక్కన పడతాయి. రెండు మసక మచ్చలు, అంతే. సూటిగా చూస్తే మాయమైపోతాయి, కన్ను కొంచెం పక్కకు తిప్పితే తేలతాయి. మొదటిసారి చూసినోళ్లు "ఇంతేనా" అంటారు. ఇంతే.

అయితే ఈ ఎం86 ఉండేది 5 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో, వస్తున్నదేమో సెకనుకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో మన వైపుకు! గుంపు మొత్తం వెనక్కి పోతుంటే ఇది లోపల అంత వేగంగా ఇటు దూసుకొస్తోంది. పాలమూరు_ఫిజిక్స్ చెప్పిన సూత్రంలో దీని అంకె వేస్తే దూరం మైనస్‌లో వస్తుంది. చుక్కను మన వీపు వెనక పెట్టాలి. మన పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీదీ ఇదే కథ. ఇట్లా పక్కనున్నవాటికి సూత్రం పనికిరాదని పిల్లలకు ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది.

గద్వాల్_జరీ

మైనస్ దూరమంటే మా బావమరిది ఇల్లు. మనం పోదామనుకునేలోపే వాడే దిగుతడు.

బత్తాయితోట

దుర్భిణి తమ్మీ, రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్టు కాడ ఆపేస్తరు కదా, ఎట్ల పోతవ్?

నల్లమల_దుర్భిణి

పొద్దుండగానే పోతా అన్నా, తెల్లారినంకనే తిరిగొస్తా. పులి భయం కన్నా ఎలుగుబంటి భయం ఎక్కువ. కానీ ఆ చీకటి జడ్చర్లలో ఎక్కడ దొరుకుతుంది, హైవే లైట్లతో ఆకాశం పాలిపోయి ఉంటది.

కందనూలు_కోడ్

సార్ అడిగిన మిగతా రెండింటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

విసనకర్రల మధ్య ఖాళీ: అక్కడ గెలాక్సీలు లేక కాదు. అటు పాలపుంత పళ్లెం అడ్డం ఉంది. దాని ధూళి వెనకున్న వెలుతురును మింగేస్తుంది, దానికి తోడు మన నక్షత్రాలే కిక్కిరిసి ఉంటాయి. సర్వే వాళ్లు కావాలనే ఆ పట్టీని వదిలేసి దానికి అటూ ఇటూ ఉన్న రెండు వైపులే చూస్తారు. ఆకాశం మొత్తం 41,253 చదరపు డిగ్రీలు. గెలాక్సీల రెడ్‌షిఫ్ట్‌లు కొలిచే కొత్త సర్వే డెసీ మొదట పెట్టుకున్న లక్ష్యం సుమారు 14,000.

అంచుల్లో పలచన: దూరం పోయేకొద్దీ మంచి వెలుగున్న గెలాక్సీలే కంటికి ఆనుతాయి. చిన్నవి ఉన్నా లెక్కకు రావు. అక్కడ ఊరు ఖాళీ అయిందని కాదు.

సందేహాల_సంచి

అయితే బొమ్మలో కనపడే ఖాళీలు కూడా కొలత లోపమేనా? లేక నిజంగా ఖాళీలేనా? ఒకసారి వేళ్లు లేవన్నారు, పట్టీ లేదన్నారు. ఇక నమ్మేదేంది?

పాలమూరు_ఫిజిక్స్

ఖాళీలు నిజం. 1981లో బూటీస్ నక్షత్రరాశి వైపు సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున ఒక ఖాళీ బయటపడితే చాలామంది నమ్మలేదు, ఏదో ఒక్కచోట అలా కుదిరిందనుకున్నారు. 1986లో డి లాపరాంట్, గెల్లర్, హుక్రా కలిసి ఆకాశంలో ఒక సన్నని ముక్క తీసుకుని సుమారు 1,100 గెలాక్సీల దూరాలు వేశారు. 117 డిగ్రీల పొడవు, 6 డిగ్రీల మందం. చూస్తే ఖాళీలు ఎక్కడో ఒకచోట కాదు, అంతటా ఉన్నాయి. గెలాక్సీలే వాటి అంచుల మీద ఉన్నాయి. ఆ బొమ్మ మధ్యలో గీతలతో గీసిన మనిషి నిలబడి ఉంటాడు. ఆ మనిషి మొండెం ఏమిటో తెలుసా? కోమా అనే గెలాక్సీల గుంపు తాలూకు దేవుడి వేలు! అంటే ఒకే బొమ్మలో నిజమూ ఉంది, కొలత సాగదీసిందీ ఉంది. ఏది ఏదో తెలిసి చూడాలి. చేతులు మాత్రం నిజమైన గోడ. 1989లో గెల్లర్, హుక్రా దాన్నే 'గ్రేట్ వాల్' అన్నారు.

గద్వాల్_జరీ

అన్ని గెలాక్సీల వెలుతురు ఒక్కోటి ఒక్కోటి పట్టి విడగొట్టాలంటే ఎన్నేళ్లు పడతది?

కందనూలు_కోడ్

1986 నాటి పని అచ్చం అలాగే, ఒక్కో గెలాక్సీకి టెలిస్కోపు తిప్పి చేశారు. స్లోన్ సర్వే వచ్చాక తీరు మారింది. న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 2.5 మీటర్ల టెలిస్కోపు. ఏ రాత్రి ఏ ఆకాశ భాగం చూడాలో ముందే లెక్కగట్టి, అక్కడి గెలాక్సీలు పడే చోట్లలో అల్యూమినియం పళ్లెంలో రంధ్రాలు కొట్టించేవాళ్లు. ఒక్కో రంధ్రంలో ఒక్కో ఆప్టికల్ ఫైబర్. మొదట్లో పళ్లేనికి 640 ఫైబర్లు, తర్వాత 1,000. పగలు సిబ్బంది కూర్చుని చేత్తో ఒక్కొక్కటిగా దూర్చేవాళ్లు.

గద్వాల్_జరీ

ఆగన్నా. మా ఇంట్లో మగ్గం ఉంది, అందుకే అడుగుతున్న. 640 పోగులు చేత్తో పెట్టేటప్పుడు ఒకటి పక్క రంధ్రంలో పడితే? మా దగ్గర ఒక్క పోగు తప్పితే అంచు మొత్తం విప్పాలె.

కందనూలు_కోడ్

వాళ్లు విప్పనక్కర్లేకుండా చేసుకున్నారు. ఏ ఫైబర్ ఏ రంధ్రంలో పెట్టాలనే నియమమే ఉండేది కాదు, చేతికి అందింది అందిన చోట పెట్టడమే. అంతా అయ్యాక ఫైబర్ల రెండో కొస నుంచి వరసగా వెలుతురు పంపి, పళ్లెం మీద ఎక్కడ మెరిసిందో కెమెరాతో చూసి జాబితా రాసుకునేవాళ్లు. పెట్టేటప్పుడు టెన్షన్ లేదు, పెట్టాక లెక్క.

అయినా ఒక చిక్కు ఉండేది. ఫైబర్ కొసకు కొంత లావు ఉంటుంది కదా. రెండు గెలాక్సీలు ఆకాశంలో 55 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) కన్నా దగ్గరగా ఉంటే ఒకే పళ్లెంలో రెండింటికీ ఫైబర్ పట్టేది కాదు. గుంపులు కిక్కిరిసిన చోటే ఇలా కొన్ని జారిపోతాయి. ఒకే భాగాన్ని రెండు పళ్లేలతో చూసినచోట దొరుకుతాయి, మిగతా వాటికి లెక్కలో సర్దుబాటు చేస్తారు.

ఇప్పుడు డెసీలో చేతిపని లేదు. అరిజోనాలోని కిట్ పీక్ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోపుకు 5,000 చిన్న రోబోలు బిగించారు. ఒక్కో రోబో ఒక్కో ఫైబర్‌ను పట్టుకుని కొన్ని నిమిషాల్లో కొత్త గెలాక్సీ మీదికి జరుగుతుంది. సుమారు 20 నిమిషాలకొకసారి 5,000 కొత్త లక్ష్యాలు. 2021 మేలో మొదలుపెట్టి, 2025 మార్చిలో బయటపెట్టిన మొదటి విడత డేటాలోనే 1.87 కోట్ల ఖగోళ వస్తువులున్నాయి. 1986లో 1,100.

గద్వాల్_జరీ

పవర్‌లూమ్ వచ్చిందన్నమాట అక్కడ కూడా.

చెంచు_చెలిమె

పిల్లలకు చెప్పాలంటే నాకొకటి తోస్తుంది. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుట్ట ఎక్కి చీకటి పడ్డాక చూడండి. ఒకవైపు మైదానంలో ఊళ్ల లైట్లు గుత్తులుగా, రోడ్ల వెంట గొలుసులుగా కనపడతాయి. రెండో వైపు నల్లమల, నల్లగా. ఊళ్లు గుంపులు, రోడ్లు తీగలు, అడవి ఖాళీ. గెలాక్సీల మ్యాపు ఇదే.

నల్లమల_దుర్భిణి

బాగుంది కానీ నేను ఒప్పుకోను. ఆ నల్లటి దాంట్లో చెంచు పెంటలున్నయి. మనుషులున్నరు, లైట్లు లేవు. నువ్వు గుట్ట మీద నిలబడి చూసి అక్కడెవరూ లేరంటే ఎట్లా?

చెంచు_చెలిమె

నా పేరు చూసి కూడా ఆ మాట నాకే చెప్తున్నవా. నేను చెప్పబోయేది కూడా అదే, నువ్వు ముందు చెప్పినవ్.

పాలమూరు_ఫిజిక్స్

మీ ఇద్దరి గొడవే ఈ శాస్త్రంలో పెద్ద చర్చ. మ్యాపులో మనం చూసేది వెలుతురును. విశ్వంలో ఉన్న పదార్థంలో ఆరింట అయిదొంతులు డార్క్ మ్యాటర్, అది వెలగదు. పదార్థం బాగా పోగుపడ్డ చోట గెలాక్సీలు ఇంకా ఎక్కువగా పుడతాయి, పలచగా ఉన్నచోట బాగా తగ్గుతాయి. కాబట్టి గెలాక్సీలను బట్టి చూస్తే గుంపులు ఉన్నదానికన్నా దట్టంగా, ఖాళీలు ఉన్నదానికన్నా ఖాళీగా అనిపిస్తాయి. బూటీస్ ఖాళీలో కూడా తర్వాత వెతికితే పదుల గెలాక్సీలు దొరికాయి.

వెలగని దాన్ని పట్టడానికి వేరే దారి ఉంది. దూరపు గెలాక్సీ వెలుతురు మన దగ్గరికి వచ్చే దారిలో పదార్థం ఉంటే కాస్త వంగుతుంది, ఆ గెలాక్సీ ఆకారం పిసరంత సాగుతుంది. ఒక్కదాన్ని చూస్తే ఏమీ తెలియదు. కోట్ల గెలాక్సీలు ఒకే వైపు కొద్దికొద్దిగా సాగి ఉంటే మధ్యలో ఏదో ఉన్నట్టు. 2023 జులై 1న పైకి పంపిన యూరప్ వాళ్ల యూక్లిడ్ టెలిస్కోపు చేసే ముఖ్యమైన పని ఇదే.

అనంత_ఆకాశం

ఇవన్నీ మన పెద్దలు ఏనాడో చెప్పినవే. పద్నాలుగు లోకాలు అన్నది ఊరికేనా? వీళ్లు ఇప్పుడు గోడలు కనిపెట్టారట.

మోడరేటర్

పద్నాలుగు లోకాలకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ సారు పిల్లలకు జవాబు వెతుకుతున్నారు.

ఓయూ_పాత_బ్యాచ్

పెద్దల మాట వచ్చింది కాబట్టి. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని మ్యాపు గీసే పనిలో హైదరాబాద్ ఎప్పటినుంచో ఉంది, ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. 1887లో పారిస్‌లో కూర్చుని ప్రపంచంలోని చాలా అబ్జర్వేటరీలు తలా ఒక పట్టీ ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చేద్దామని ఒప్పుకున్నాయి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ అందులో చేరింది. దక్షిణాకాశంలో సుమారు 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మనకు వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్లే చేశారు. గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్కనూ కంటితో కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. మొదటి భారతీయ డైరెక్టర్ టి.పి. భాస్కరన్. అప్పుడు దూరం లేదు, రెండు దిక్కులే.

1919లో అది ఉస్మానియాకు వచ్చింది. 1968లో రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ దాని మీదుగానే పోయింది.

బత్తాయితోట

ఆ గ్రహణం మా దగ్గర కూడా పట్టింది. మా నాయిన చెప్పేటోడు, మిట్టమధ్యాహ్నం దాటినంక చీకటైతే పశువులు కొట్టం దిక్కు నడిచినయంట. మనుషులు మాత్రం తలుపులేసుకుని పండుకున్నరు. చూసింది పశువులే.

ఎడమకాల్వ_రిటైర్డ్

గాజు పలకల మీద చుక్క చుక్క కొలిచినవాళ్లకు దండం పెట్టాలి. అది సర్వే అంటే. నా ప్రశ్న మాత్రం ఇంకా తీరలేదు. మీ వేగం లెక్క నడవాలంటే విశ్వం ఏ కాలంలో ఎంత వేగంగా సాగిందో ముందే తెలియాలి. అది తెలియడానికేమో దూరాలు కావాలి. బెంచ్‌మార్క్ లేకుండా లెవెల్స్ తీస్తున్నట్టుంది. ఒక స్థిరమైన కొలత ఏదన్నా ఉందా, లేదా?

పాలమూరు_ఫిజిక్స్

ఉంది తాతా. మ్యాపులోనే దాగి ఉంది.

విశ్వం పుట్టిన కొత్తల్లో అంతా వేడి ద్రవంలా ఉన్నప్పుడు అందులో శబ్ద తరంగాలు నడిచాయి. సుమారు 3,80,000 ఏళ్లప్పుడు అది చల్లబడి, కాంతి విడిపోయి, తరంగాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పటికి అవి నడిచినంత దూరం విశ్వంతో పాటే సాగి ఇప్పటికి సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాలైంది. దాని గుర్తు ఏమిటంటే, ఏ గెలాక్సీని తీసుకున్నా దానికి 49 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఇంకో గెలాక్సీ ఉండే అవకాశం, 40 దగ్గరో 60 దగ్గరో ఉండే అవకాశం కన్నా కొంచెం ఎక్కువ. చాలా కొంచెం. కంటికి కనపడదు, లక్షల జంటల దూరాలు లెక్కపెడితే ఒక చిన్న గుబ్బలా తేలుతుంది. 2005లో స్లోన్ వాళ్లూ, ఆస్ట్రేలియాలో టూడీఎఫ్ సర్వే వాళ్లూ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. ఈ కొలత పొడవు ఎంతో తొలినాటి కాంతి నుంచి ముందే తెలుసు. కాబట్టి వేర్వేరు దూరాల్లో అది ఎంత కోణంలో కనపడుతుందో చూస్తే విశ్వం ఎప్పుడెంత సాగిందో తేలుతుంది.

డెసీ చేస్తున్నది అదే. 2025 మార్చి ఫలితాల్లో మిగతా కొలతలతో కలిపి చూస్తే, విశ్వ వ్యాకోచాన్ని వేగం చేస్తున్న డార్క్ ఎనర్జీ కాలంతో మారుతున్నట్టు సూచనలు వచ్చాయి. ఏ సూపర్‌నోవా డేటాతో కలిపారన్న దాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం యాదృచ్ఛికం కాదన్న నమ్మకానికి కొలత). కనుక్కున్నామని చాటడానికి 5 కావాలి.

ఎడమకాల్వ_రిటైర్డ్

బెంచ్‌మార్క్ ఉందని మొదటి పోస్టులోనే చెప్తే ఇంత వాదన ఉండకపోవు కదా. ఇప్పుడు ఒప్పుకుంటున్నా, మ్యాపే.

సందేహాల_సంచి

1,000 కోట్ల కాంతి సంవత్సరాల గోడ ఒకటి దొరికిందని, దాంతో సిద్ధాంతాలన్నీ కూలాయని వీడియోలో చూశాను. హెర్క్యులిస్ అని ఏదో.

పాలమూరు_ఫిజిక్స్

అది 2013 నాటి మాట. గెలాక్సీలను లెక్కపెట్టి చెప్పింది కాదు, గామా కిరణ విస్ఫోటనాలు (చాలా దూరం నుంచి వచ్చే భారీ పేలుళ్ల మెరుపులు) ఒక దిక్కున ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. అవి కొన్ని పదులే. కొద్ది చుక్కలుంటే కన్ను ఎక్కడైనా గీత కలిపేస్తుంది. ఉందనేవాళ్లున్నారు, యాదృచ్ఛికమే అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో గుంపు. 2003లో చెప్పిన స్లోన్ గ్రేట్ వాల్, సుమారు 137 కోట్ల కాంతి సంవత్సరాలు, గెలాక్సీలతో గీసింది. మన పుణె వాళ్లు 2017 జులైలో ప్రకటించిన సరస్వతి కూడా స్లోన్ డేటాలోంచే తీసింది. 43 గుంపులు, సుమారు 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర. ఆ బృందానికి సొంత టెలిస్కోపు కూడా అక్కర్లేకపోయింది, అందరికీ ఉచితంగా పెట్టిన డేటాలో వెతికి పట్టుకున్నారు. సార్, ఇది మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

సందేహాల_సంచి

సరే, చిలీలో రూబిన్ టెలిస్కోపు వచ్చింది కదా, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. ఇక ఈ ఫైబర్ల గొడవ ఎందుకు?

కందనూలు_కోడ్

కెమెరా ఫొటో తీస్తుంది, వర్ణపటం తీయదు. రూబిన్‌కు ఆరు రంగుల ఫిల్టర్లున్నాయి. ఒక్కో దాంట్లో గెలాక్సీ ఎంత వెలిగిందో చూసి రెడ్‌షిఫ్ట్ అంచనా వేస్తారు. వందల కోట్ల గెలాక్సీలకు అలా చేయొచ్చు కానీ అంచనా అంచనానే. ఆ మ్యాపులో సన్నని గోడ కాస్తా మందపాటి పొగమంచవుతుంది. రెండూ కావాలి.

పానగల్_సారు, మాటలతో కాదు, మీ పిల్లలతోనే గీయించండి. స్కైసర్వర్ అని స్లోన్ వాళ్ల సైటు ఉంది. అందులో వర్ణపటాల పట్టిక నుంచి మూడు కాలమ్‌లే అడగండి, రైట్ అసెన్షన్, డిక్లినేషన్ (దిక్కు చెప్పే రెండు అంకెలు), జెడ్ (రెడ్‌షిఫ్ట్). హద్దులు ఇవి: డిక్లినేషన్ 26.5 నుంచి 32.5, రైట్ అసెన్షన్ 120 నుంచి 255 డిగ్రీలు, జెడ్ 0.05 లోపు. ఇది 1986 నాటి ముక్కే. జెడ్‌వార్నింగ్ సున్నా ఉన్నవే తీసుకోండి, లేకపోతే చెడిపోయిన కొలతలు కూడా వచ్చి కూర్చుంటాయి. పైథాన్‌లో గీస్తే డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరవద్దు. మార్చకపోతే చుక్కలు బొమ్మంతా చిమ్మినట్టు పడతాయి, గోడా ఉండదు వేలూ ఉండదు. పాత కంప్యూటర్లైతే టాప్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, స్పియర్ ప్లాట్‌లో మూడు కాలమ్‌లు ఇస్తే చాలు.

195 డిగ్రీల దగ్గర, జెడ్ 0.023 చుట్టూ చూడండి. కోమా వేలు అక్కడుంటుంది. అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని స్కేలు పెట్టి కొలిపించండి. ఎన్ని రెట్లు పొడుగుందో వాళ్లే చెప్తారు, ఇక కేంద్రం సంగతి ఆ అమ్మాయే మిగతావాళ్లకు చెప్తుంది.

పానగల్_సారు

ఇది జరిగేపని. ల్యాబులో ఇంటర్నెట్ అంతంతమాత్రం, ఇంత ఫైలు అక్కడ దించడం కష్టం. ఎవరైనా సీఎస్‌వీగా దించి పెడితే పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతాను.

కందనూలు_కోడ్

పెట్టాను సార్, కింద అటాచ్‌మెంట్ చూడండి. మూడు కాలమ్‌లే ఉంచాను, ఎక్సెల్‌లో కూడా తెరుచుకుంటుంది.

నల్లమల_దుర్భిణి

ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక టెలిస్కోపు తీసుకుని మీ స్కూలుకు వస్తా సారూ. నల్గొండ వెలుతురులో ఎం86 దొరకడం కష్టమే, ఊరి బయట చెరువు కట్ట అవతల ఏదన్నా చీకటి జాగా చూసి పెట్టండి.

బత్తాయితోట

మా తోట ఉంది. స్టార్టర్ డబ్బా మీది బల్బు నేను బంద్ చేస్త. పిల్లలు కాయలు తెంపొద్దని మాత్రం ముందే చెప్పాలె.